నేల తవ్వినా ఎవరూ అడగని గది

అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలంటే ఓనర్‌ని అడగాలి. అడగకుండా కొడితే ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో కోత పడుతుంది. ఆర్ట్ గ్యాలరీల వ్యవహారమూ ఇంచుమించు ఇంతే. తెల్లరంగు వేసిన గోడ ఇస్తారు, కొన్ని వారాల గడువు పెడతారు, తర్వాత వచ్చేవాళ్ల కోసం గోడను ఎలా ఉన్నదాన్ని అలా అప్పగించాలి. చిత్రాలు వేలాడదీసుకునేవాళ్లకు ఇందులో ఇబ్బందేమీ లేదు. కానీ ఒక శిల్పికి బేస్‌మెంట్ నేలను తవ్వి అందులో చెట్టు నాటాలనిపించింది. ఇంకొకరికి తన శిల్పం పై గదిలో మొదలై కింది గదిలోకి దిగాలనిపించింది, అంటే మధ్యలో ఉన్న చెక్క నేలను రంపంతో కోయాలి. ఏ గ్యాలరీ యజమాని దీనికి సరే అంటాడు?

1970 అక్టోబరులో న్యూయార్క్‌లో ఒకాయన సరే అన్నాడు. ఆయన పేరు జెఫ్రీ లూ. ఆయన కూడా శిల్పే. ఆయనకూ ఆయన భార్య రేచల్ వుడ్‌కూ సోహో ప్రాంతంలోని గ్రీన్ స్ట్రీట్‌లో 112వ నంబరు భవనం ఉండేది. ఆరు అంతస్తుల ఆ భవనంలో అంతకుముందు పాత గుడ్డల వ్యాపారం నడిచింది. కింది అంతస్తునూ బేస్‌మెంట్‌నూ తోటి కళాకారులకు వదిలేశారు. ఆ చోటికి విడిగా పేరేమీ పెట్టలేదు, ‘112 గ్రీన్ స్ట్రీట్’ అనే చిరునామాయే పేరైంది. కళాకారులే నడుపుకునే స్థలాల చరిత్ర ఎవరు రాసినా దీని ప్రస్తావన వస్తుంది. వచ్చినప్పుడల్లా స్వేచ్ఛ, తెగువ, కొత్త ఆలోచన అనే మాటలు వినిపిస్తాయి. ఆ మాటలు అబద్ధం కాదు. అయితే ఆ స్వేచ్ఛ ఆలోచనల్లోంచి కంటే ముందు ఆ భవనంలోంచి పుట్టింది. గోడ ఎవరిది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, విరిగితే ఎవరు బాగుచేయించాలి అనే లెక్కలు తేలితే తప్ప అక్కడ ఏం జరిగిందో, తర్వాత ఎందుకు ఆగిపోయిందో అర్థం కాదు.

రోడ్డు వెడల్పులో పోతుందని తెలిసిన ఇంటికి ఎవరూ రంగు వేయించరు. సోహో చాలా ఏళ్లు అలాంటి ఇల్లే. పంతొమ్మిదో శతాబ్దంలో పోత ఇనుముతో ముఖభాగాలు కట్టిన గోదాములు, చిన్న ఫ్యాక్టరీలు వీధుల నిండా ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి పరిశ్రమలు ఒక్కొక్కటే బయటికి పోయాయి. ఆ భవనాల మీదుగా ఒక ఎక్స్‌ప్రెస్‌వే వేస్తామని నగర పాలకులు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు, దాంతో కొత్తగా ఎవరూ డబ్బు పెట్టలేదు. అగ్ని ప్రమాదాలు ఎంత మామూలైపోయాయంటే ఫైర్ సిబ్బంది ఆ ప్రాంతాన్ని ‘నరకపు నూరెకరాలు’ అని పిలిచేవారు. ఎక్స్‌ప్రెస్‌వే ప్రతిపాదన 1969లో రద్దయింది. అప్పటికే ఎత్తైన పైకప్పులు, పెద్ద కిటికీలు, బరువులెత్తే లిఫ్టులు ఉన్న ఆ గోదాముల్లోకి కళాకారులు చేరిపోయారు. అద్దె తక్కువే కానీ చట్టప్రకారం అది పరిశ్రమల ప్రాంతం. అందులో కాపురం పెట్టకూడదు. మంటలు అంటుకుంటే లోపల మనుషులున్నారని ఫైర్ వాళ్లకు తెలియడానికి తలుపు పక్కన ‘ఎ.ఐ.ఆర్.’ అని బోర్డు పెట్టేవారు, అంటే లోపల కళాకారుడు నివాసం ఉన్నాడని. ఏ ప్రాంతాన్ని దేనికి వాడొచ్చో చెప్పే జోనింగ్ నిబంధనలు 1971లో మారాయి. నగరం దగ్గర కళాకారులమని గుర్తింపు పత్రం తెచ్చుకున్నవాళ్లు మాత్రం అక్కడ ఉండొచ్చన్నారు. కళాకారుడని ప్రభుత్వం సర్టిఫికెట్ ఇవ్వడమేమిటని ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, అప్పట్లో తల మీది కప్పు నిలిచేదీ పోయేదీ ఆ కాగితం మీదే.

గది సంగతికొస్తే, సుమారు 110 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు, 16 అడుగుల ఎత్తు. మధ్యలో వరసగా ఇనుప స్తంభాలు. పెచ్చులూడిన గోడలు, గీతలు పడిన చెక్క నేల. వాటిని బాగుచేయించాలని ఎవరూ అనుకోలేదు. సొమ్ము లేకపోవడం ఒక కారణమైతే, అలా ఉంటేనే పని జరుగుతుందన్న నమ్మకం మరో కారణం. కొత్త బట్టలు కట్టిన పిల్లాడు మట్టిలో ఆడడు కదా.

మొదటి ప్రదర్శనకు ఏ పనులు పెట్టాలో, ఎక్కడ పెట్టాలో తేల్చే క్యూరేటర్ అంటూ ఎవరూ లేరు. అలన్ సారెట్, గోర్డన్ మట్టా-క్లార్క్, రిచర్డ్ నోనస్, జార్జ్ ట్రాకస్ లాంటివాళ్లు ఎవరికి తోచినచోట వాళ్లు పని మొదలుపెట్టారు. స్టూడియోలో తయారుచేసుకొచ్చి పెట్టినవి తక్కువ, అక్కడికక్కడే చేసినవి ఎక్కువ. చూడటానికి వచ్చినవాళ్లకు ఏది పూర్తయిన పనో, ఏది సగంలో ఉన్నదో, ఏది పాత గోదాము మిగిల్చి వెళ్లిన చెత్తో వెంటనే తెలిసేది కాదు. కావాలని పెట్టిన తికమక కాదది. గదిని సామానుగా వాడుకుంటే ఇలాగే ఉంటుంది.

మట్టా-క్లార్క్ కార్నెల్ యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదివాడు. చిలీ చిత్రకారుడు రొబెర్తో మట్టా ఇతని తండ్రి. భవనాలు కట్టడం నేర్చుకుని, బతికినన్నాళ్లూ భవనాలను కోయడంలో పేరు తెచ్చుకున్న మనిషి. 112 బేస్‌మెంట్‌లో ఆయన మనిషి లోతు గొయ్యి తవ్వి, తవ్విన మట్టిని పక్కన పోసి, గోతిలో చెర్రీ మొక్క నాటాడు. మట్టి మీద గడ్డి విత్తనాలు చల్లాడు. ఎండ పడని చోటు కాబట్టి పైన ఇన్‌ఫ్రారెడ్ దీపాలు పెట్టాడు. గడ్డి మొలిచింది. చెట్టు మాత్రం సుమారు మూడు నెలలకు చచ్చిపోయింది. ఇంటి పునాదిలో చెట్టు పెంచడం అంటే మన పల్లెల్లో ఎవరైనా గాభరా పడతారు. గోడలో రావి మొలిస్తేనే ఊరుకోరు, పీకించేస్తారు. ఇల్లు, చెట్టు రెండూ ఒకేచోట వేళ్లూనలేవన్న ఆ పాత భయమే ఈ పనిలో ఉన్న పదును. పైన జనం తిరుగుతుంటే కింద చీకట్లో ఒక చెట్టు దీపాల వెలుగుతో బతకడానికి చూస్తోంది. దీన్ని అమ్మలేరు, ఇంకోచోటికి తీసుకెళ్లలేరు, ఇంకో గదిలో మళ్లీ చేస్తే దానికి అర్థమే ఉండదు.

ట్రాకస్ చేసిన పనిని ‘నేలలోంచి దూసుకుపోయిన ముక్క’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. ఆ పేరులోనే అంతా ఉంది. ప్రధాన గది నేలను కోసి, శిల్పాన్ని అందులోంచి బేస్‌మెంట్‌లోకి దించాడు. పైన నిలబడి సగం చూసి, మెట్లు దిగి మిగతా సగం చూడాలి. శిల్పం మొత్తం ఒకేసారి కనిపించే చోటు ఎక్కడా లేదు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేల కోసినంత మాత్రాన గొప్ప కళ అయిపోదు. ఆ కాలంలో కోసినవాళ్లు, పగలగొట్టినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది పనులు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు. 112లో పనికిరాని పనులూ బోలెడు జరిగాయనే అనుకోవాలి, ఎందుకంటే వడపోసేవాళ్లు లేరు. కానీ వడపోత లేకపోవడమే ఆ చోటుకు బలం. ఏది నిలుస్తుందో ముందే తెలిసినవాళ్లు ప్రయోగాలు చేయరు, ఆర్డర్ మీద సరుకు తయారుచేస్తారు.

నాట్యం చేసేవాళ్లకు కూడా ఆ గది దొరికింది. అప్పటి అమెరికాలో కొత్త నాట్యమంటే స్టేజీని వదిలి నడక, పాకుడు, పడటం లాంటి మామూలు కదలికల దగ్గరికి వచ్చిన నాట్యం. 1970లోనే, ఇదే సోహోలో, వూస్టర్ స్ట్రీట్‌లో నర్తకి ట్రిషా బ్రౌన్ ఒక మనిషిని తాళ్లతో కట్టి భవనం గోడ మీదుగా నేల మీద నడిచినట్టు కిందికి నడిపించింది. 112లో ‘నేచురల్ హిస్టరీ ఆఫ్ ది అమెరికన్ డ్యాన్సర్’ అనే ఆడవాళ్ల బృందం ముందే కూర్చని నాట్యాలు చేసింది. రేచల్ వుడ్, కార్మెన్ బ్యూషా, సుజాన్ హారిస్, బార్బరా డిల్లీ అందులో ఉండేవారు. వీళ్లలో హారిస్ శిల్పి కూడా. 1973లో ఆమె మనుషులు పట్టీలతో వేలాడుతూ గాల్లో కదలడానికి ‘ఎగిరే యంత్రం’ ఒకటి తయారుచేసి ఆ గదిలో పెట్టింది. అది శిల్పమా, నాట్యానికి వాడే పరికరమా అని అడిగితే జవాబు లేదు. శిల్పాన్ని ఒక గదిలో, నాట్యాన్ని ఇంకో హాల్లో పెట్టే సంస్థకైతే ఆ ప్రశ్న ఒక సమస్య, ఏ డిపార్ట్‌మెంట్ డబ్బులివ్వాలో తేలదు. ఒకే గది, ఒకే తాళం ఉన్నచోట ఆ ప్రశ్న పుట్టనే పుట్టదు. ఫిలిప్ గ్లాస్ బృందం సంగీతం కూడా ఈ స్నేహబృందంలో భాగమే. వాయించేవాళ్లు, శిల్పాలు చేసేవాళ్లు, ప్లంబింగ్ పనులు చేసుకుని బతికేవాళ్లు చాలాసార్లు ఒకే మనుషులు. గ్లాస్ స్వయంగా ప్లంబర్‌గా పనిచేశాడు.

ఇంతమంది ఎక్కడ తినేవారు? ఈ ప్రశ్నను కళాచరిత్ర పుస్తకాలు చిన్నచూపు చూస్తాయి కానీ, అది తేలకపోతే ఏ బృందమూ ఆరు నెలలు నిలవదు. 1971లో కారొల్ గుడెన్, టీనా జిరార్డ్, మట్టా-క్లార్క్ కలిసి ప్రిన్స్, వూస్టర్ వీధుల మూలన ఒక హోటల్ పెట్టారు. దాని పేరు ‘ఫుడ్’. వంటిల్లు అందరికీ కనిపించేలా ఉండేది. వండేవాళ్లు, వడ్డించేవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు అందరూ కళాకారులే. ఎవరికైనా ప్రదర్శన ఉంటే సెలవు దొరికేది, అయ్యాక మళ్లీ వచ్చి పనిలో చేరొచ్చు. మట్టా-క్లార్క్ ఒకసారి అక్కడ ఎముకల విందు చేశాడు. మూలుగ ఎముకలు, ఎద్దు తోక సూపు లాంటివి వడ్డించి, తిన్నాక మిగిలిన ఎముకలను కడిగించి, బెజ్జాలు వేయించి, దండలు గుచ్చి అతిథుల మెడలో వేయించాడు. అది భోజనమా పెర్ఫార్మెన్సా అని తేల్చుకోవాల్సిన అవసరం తిన్నవాళ్లకు లేదు. 112ను నిలబెట్టినవాటిలో గ్రాంట్లకంటే ముందు ఇలాంటి హోటల్ టేబుళ్లను లెక్కపెట్టాలి. హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని లామకాన్ సంగతి తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. ఒక కుటుంబం తమ ఇంటిని సభలకూ నాటకాలకూ పాటలకూ వదిలేయడంతో 2010లో మొదలైన చోటది. కళాకారులు మాత్రమే నడిపేది కాదు, సోహోతో సంబంధమూ లేదు. కానీ అక్కడికి జనం మళ్లీ మళ్లీ రావడంలో ఆ ఆవరణలో తక్కువ ధరకు దొరికే చాయ్, సమోసాల పాలు ఎంత ఉందో అక్కడ కూర్చున్న ఎవరికైనా తెలుసు.

112 పేరు చెబితే ఎక్కువగా చెప్పుకోవాల్సిన ఏడాది 1974. ఆ సంవత్సరం అక్కడ జరిగినవి పక్కపక్కన పెట్టి చూస్తే, మొదట నేలనూ గోడనూ పరీక్షించిన ఆ గది ఇప్పుడు వచ్చిన ప్రేక్షకుణ్ణి పరీక్షించడం మొదలుపెట్టినట్టు కనిపిస్తుంది.

జనవరి 16న, తన ఒంటినే కళకు సామానుగా వాడుకునే క్రిస్ బర్డెన్ చేసిన పని పేరుకు ‘తిరిగి మీకే’ అని అర్థం. బరువులెత్తే లిఫ్టులో ఒక బల్ల. దాని మీద చొక్కా లేకుండా బర్డెన్ పడుకున్నాడు. పక్కన గిన్నెలో ఉక్కు పిన్నులు. బయట ప్రేక్షకుల్లోంచి ఒకరిని రమ్మన్నారు. ముందుకొచ్చిన మనిషి లిఫ్టులో అడుగుపెట్టగానే చేతికి ఒక అట్ట ఇచ్చారు. దయచేసి నా ఒంట్లోకి పిన్నులు గుచ్చండి అని దాని మీద రాసి ఉంది. లిఫ్టు కదిలింది. బయట ఉన్నవాళ్లు టీవీ తెరల మీద చూస్తున్నారు. ఆ మనిషి నాలుగు పిన్నులు కడుపులోకి, ఒకటి పాదంలోకి గుచ్చాడు. లిఫ్టు తిరిగి వచ్చింది, తలుపు తెరుచుకుంది, అతను బయటికి వచ్చేశాడు, కెమెరా ఆగిపోయింది.

బర్డెన్ పనులంటే ఒంటిని హింసించుకోవడమే అనేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, ఆ తరంలో కొన్ని పనులు చూస్తే మగతనపు పంతం తప్ప మరేమీ కనబడదు. ఇది మాత్రం అలాంటిది కాదు. ఇందులో నిజంగా ఇరుక్కున్నది పిన్నులు చేతపట్టిన మనిషి. అట్ట మీద రాసింది చదివి అతను గుచ్చకుండా దిగిపోవచ్చు, ఎవరూ బలవంతం చేయలేదు. కానీ పిలిచారు, వెళ్లాడు, అందరూ చూస్తున్నారు, చేతిలో రాతపూర్వకమైన విన్నపం ఉంది. పెళ్లిలో బలవంతంగా మైకు చేతికిచ్చినప్పుడు వద్దనలేక పాడేస్తాం చూడండి, దాన్ని పట్టుకుని చివరిదాకా లాగితే ఇక్కడికి వస్తుంది. గోదాము లిఫ్టు కాకుండా ఇంకెక్కడ చేసినా ఇది ఇంత గట్టిగా పనిచేయదు. లిఫ్టు తలుపు మూసుకోవడమంటే వెనక్కి తిరగడానికి ఉన్న ఆ కొద్ది సెకన్లు అయిపోవడమే. బయటి ప్రేక్షకులకు శరీరం కాక దాని బొమ్మే కనబడుతుంది. ఆ భవనంలో లిఫ్టు బయట అద్దంలా మెరిసే లాబీ లేదు, అది సరుకులు మోసిన లిఫ్టు.

అదే జనవరిలో వీటో అకాంచీ ఆ గది పొడవును, స్తంభాలను వాడుకుని ‘కమాండ్ పెర్ఫార్మెన్స్’ చేశాడు. దీపం వెలుగులో ఒక స్టూలు, దాని ముందు ఒక మానిటర్. స్టూలు మీద కూర్చుంటే మానిటర్‌లో అకాంచీ ముఖం కనిపిస్తుంది. ఇక నేను చేయను, నువ్వు చెయ్యి, నా చోటికి రా అని బతిమాలుతుంటాడు, ఆజ్ఞాపిస్తుంటాడు, ఊరిస్తుంటాడు. అతని మాటలు వింటున్న మనిషికి తెలియని సంగతి ఒకటుంది. వెనక ఇంకో మానిటర్‌లో ఆ మనిషే కనిపిస్తున్నాడు, అక్కడ నేల మీద పరిచిన తివాచీ మీద కూర్చుని మిగతావాళ్లు చూస్తున్నారు. కళాకారుడు గదిలో లేడు. అయినా పెర్ఫార్మెన్స్ నడుస్తోంది. రోజంతా ఫోన్ కెమెరాల ముందు బతికే ఇప్పటివాళ్లకు ఇది పాత విషయంలా అనిపించవచ్చు. 1974లో మామూలు మనిషికి తన ముఖాన్ని టీవీలో చూసుకోవడమే ఒక సంఘటన.

ఆలిస్ ఎయ్‌కాక్ అదే సంవత్సరం కట్టిన చెక్క మెట్ల పేరులోనే ‘వీటిని ఎక్కవచ్చు’ అన్న అనుమతి ఉంది. ఎక్కితే తల పైకప్పుకు తగులుతుంది. అంతే, ఇంకెక్కడికీ తీసుకెళ్లవు. పెద్ద పెద్ద మాటలతో వివరించాల్సిన పనిలేదు, ఎక్కి దిగినవాడికి అర్థమైపోతుంది.

మార్చిలో ‘అనార్కిటెక్చర్’ అనే ప్రదర్శన జరిగింది. ఆర్కిటెక్చర్, అనార్కీ (అరాచకం) అనే రెండు మాటలను కలిపి చేసిన పదం అది. మట్టా-క్లార్క్, లారీ ఆండర్సన్, టీనా జిరార్డ్, సుజాన్ హారిస్, జీన్ హైస్టీన్, నోనస్ తదితరులు కూడి మాట్లాడుకుంటూ తెచ్చిన ఫొటోలను ఎవరు తెచ్చారో రాయకుండా ఒకే సైజులో పెట్టారు. పేర్లు తీసేయడం ఆ ప్రదర్శనలో ముఖ్యమైన పని, అదే తర్వాతివాళ్లకు తలనొప్పి కూడా. అక్కడ ఏయే ఫొటోలు ఉన్నాయో తేల్చలేక చరిత్రకారులు ఇప్పటికీ కుస్తీ పడుతున్నారు. మట్టా-క్లార్క్ 1978లో 35 ఏళ్లకే క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆ తర్వాత అతని పేరు పెరిగేకొద్దీ పదిమంది కలిసి చేసిన ఆ పని మెల్లగా అతని ఖాతాలోకి జరుగుతూ వచ్చింది. సమష్టిగా చేసి రసీదు రాసుకోకపోతే ఇలాగే అవుతుంది. కళాకారులు నడిపే చోట్ల లెక్కలు రాసేవాళ్లు, రికార్డులు భద్రపరిచేవాళ్లు ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

డిసెంబరులో శిల్పి లూయీజ్ బూర్జువా ప్రదర్శన. ఇలాంటి చోట్లు కుర్రకారు కోసమేనన్న మాటకు అడ్డుపడే ఉదాహరణ ఇది. ఆమెకు అప్పటికి 62 ఏళ్లు దాటాయి. న్యూయార్క్‌లో ఆమె సోలో ప్రదర్శన పదేళ్లుగా జరగలేదు. ‘తండ్రి విధ్వంసం’ అనే ఇన్‌స్టలేషన్‌ను, అంటే చోటునంతా కలుపుకుని అమర్చిన పనిని, ఆమె అక్కడ పెట్టింది. ఎర్రటి వెలుతురులో గుహలాంటి ఒక అర. అందులో భోజనాల బల్లో, మంచమో తెలియని చోట మాంసపు ముద్దల్లాంటి ఆకారాలు. గొర్రె, కోడి మాంసం ముక్కలు కొని తెచ్చి వాటి నుంచి తీసిన అచ్చులు అందులో ఉన్నాయి. భోజనాల వేళ పెత్తనం చేసే తండ్రిని తల్లీపిల్లలూ కలిసి బల్ల మీద పడేసి తినేయడం అనేది దాని వెనకున్న కథ. మన ఇళ్లలో నాన్న తినేదాకా ఎవరూ ముట్టుకోని కంచాల కాలం గుర్తున్నవాళ్లకు ఈ కథ ఎంత దూరందీ కాదు. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఆమె పనుల పెద్ద ప్రదర్శన 1982లో జరిగింది. పెద్ద సంస్థ ఆమెను గుర్తించడానికి ఎనిమిదేళ్ల ముందే పెచ్చులూడిన గోదాము చోటిచ్చింది.

ఇంతవరకూ చెప్పింది వింటే అంతా బాగున్నట్టే ఉంటుంది. బాగుండనిదీ ఉంది. 112 స్వతంత్రమైన చోటే, కానీ ఎవరి సొంత ఆస్తి వల్ల? భవనం ఉన్నవాళ్లు తలుపు తీశారు, వాళ్లకు తెలిసినవాళ్లు లోపలికి వచ్చారు. దరఖాస్తు ఫారం లేకపోవడం అందరికీ ఒకే రకమైన స్వేచ్ఛ కాదు. ఫారం లేనిచోట పరిచయమే ఫారం. ఆ తెలిసినవాళ్లలో దాదాపు అందరూ తెల్లవాళ్లే. నల్లజాతి కళాకారుల కోసం లిండా గూడ్ బ్రయంట్ 1974 నవంబరులో ‘జస్ట్ అబవ్ మిడ్‌టౌన్’ అనే చోటును తెరవాల్సి వచ్చింది. అది సోహోలో కాకుండా, పెద్ద గ్యాలరీలున్న 57వ వీధిలోనే పెట్టడం ఆమె తెగువ. డేవిడ్ హామన్స్ నూనె మరకల కాగితం సంచులతో, వెంట్రుకలతో చేసిన పనులు, సెంగా నెంగూడి మేజోళ్లలో ఇసుక నింపి సాగదీసిన శిల్పాలు అక్కడ కనిపించాయి. ఆడవాళ్లకు గ్యాలరీల్లో చోటు దొరకక 20 మంది కలిసి 1972లో వూస్టర్ స్ట్రీట్‌లో సహకార పద్ధతిలో ఒక గ్యాలరీ పెట్టుకున్నారు. తలుపుల పక్కన ఉండే ఆ ‘ఎ.ఐ.ఆర్.’ బోర్డు మాటనే దానికి పేరుగా పెట్టారు. అందులో సభ్యులు చందా కట్టేవారు, ఓటు వేసేవారు, వంతుల వారీగా పని చేసేవారు. 112తో పోలిస్తే అది చిరాకు పుట్టించే పద్ధతి, మీటింగుల మీద మీటింగులు. కానీ అది ఇప్పటికీ నడుస్తోంది.

చవకైన పాత భవనంలో ఇంకో ప్రమాదమూ ఉంది, అక్షరాలా ప్రమాదమే. వీడియో కళాకారులు స్టైనా, వుడీ వసూల్కాలు 1971లో మెర్సర్ ఆర్ట్స్ సెంటర్‌లోని పాత హోటల్ వంటగదిలో ‘ది కిచెన్’ అనే ప్రదర్శనల చోటు మొదలుపెట్టారు. 1973 ఆగస్టు 3న ఆ హోటల్ భవనం కూలింది, నలుగురు చనిపోయారు. కిచెన్ వేరే చోటికి మారి బతికింది. శిథిల సౌందర్యం గురించి మురిసిపోయేవాళ్లు ఈ తేదీని కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇక డబ్బు. అమెరికా ప్రభుత్వం 1965లో ఏర్పాటుచేసిన నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ 1970ల మొదట్లో ఇలాంటి చోట్లకు గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 112కూ వచ్చాయి. కరెంటు బిల్లులకూ పరికరాలకూ ఆ డబ్బు కావాలి, కాదనేదేమీ లేదు. కానీ ప్రభుత్వ సొమ్ము వచ్చిందంటే లెక్క చెప్పాలి. వచ్చే ఏడాది ఏ నెలలో ఎవరి ప్రదర్శనో ముందే రాసివ్వాలి. అంటే మార్చిలో ఎవరికో వచ్చే పిచ్చి ఆలోచన కోసం కిందటి జూన్‌లోనే తేదీ ఖాయం చేయాలి. తొలి ఏడాదుల్లో ప్రదర్శన ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో చెప్పడం కష్టం, ఒకరి పని పక్కనే ఇంకొకరు మొదలుపెట్టేవారు. పట్టిక వచ్చాక ఆ పక్కపక్కన జరగడం పోయింది, ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఇందులో కుట్రేమీ లేదు, గ్రాంట్ ఇచ్చేవాళ్లు చెడ్డవాళ్లూ కారు. పట్టిక లేకుండా ప్రజల సొమ్ము పంచడం ఎవరికీ కుదరదు. అయినా క్యాలెండర్ వచ్చిన గదిలో నేల తవ్వడం కష్టమే, నాలుగు వారాల్లో పూడ్చి తర్వాతివాళ్లకు ఇవ్వాలి కాబట్టి. అద్దె ఇంటి మేకు మళ్లీ ఇక్కడ ఎదురైంది.

ఈ చిక్కును వేరేచోట వేరే రకంగా దాటినవాళ్లున్నారు. మద్రాసు శివార్లలో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ పూనికతో 1966లో మొదలైన చోళమండల్ కళాకారుల గ్రామం అందుకు దగ్గరి ఉదాహరణ. అక్కడివాళ్లు బాతిక్ బట్టలు, చేతిపని వస్తువులు చేసి అమ్మి, ఆ డబ్బుతో భూమి కొనుక్కున్నారు. భూమి తమదే కాబట్టి ఖాళీ చేయమనేవాళ్లు లేరు. కాకపోతే అది ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డ కాలనీ, అక్కడి పని ఎక్కువగా చిత్రాలు, లోహ శిల్పాలు. ఢిల్లీలోని ఖోజ్ అనే కళాకారుల సంస్థ 1997లో మోదీనగర్‌లో జరిపిన వర్క్‌షాప్‌తో మొదలైంది. కళాకారులను కొన్నాళ్లపాటు ఒకచోట కూర్చి, ఆఖరికి చూపించాల్సిన వస్తువు కంటే కలిసి పనిచేయడం ముఖ్యమని నమ్మిన చోటది. ఖోజ్ నడవడానికి దేశ విదేశాల నుంచి విరాళాలు, గ్రాంట్లు తప్పనిసరి. ఒకరు సరుకు అమ్మారు, ఇంకొకరు దాతలను వెతుక్కున్నారు. ఖర్చు మోసే దారి మారితే లోపల జరిగే పని తీరు కూడా మారింది.

సోహోలో ఖర్చు మోసింది నగరం చూపిన నిర్లక్ష్యం. అది ఎక్కువ రోజులు నిలవలేదు. 1973లో ఆ పోత ఇనుము భవనాలను వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. గ్యాలరీలు, తర్వాత రెస్టారెంట్లు, ఆ తర్వాత బట్టల షోరూములు వచ్చాయి. కళాకారుల గుర్తింపు పత్రంతో మొదలైన అనుమతి రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో ‘లాఫ్ట్’ (గోదామును మార్చి చేసిన విశాలమైన ఫ్లాటు) అనే ముద్దు మాటయింది. ఊరి చివర ఎవరో గుడిసె వేసుకుంటే అటువైపు రోడ్డు పడి ప్లాట్ల ధర పెరగడం మనకు కొత్త కాదు. మొదట గుడిసె వేసినవాడి పేరున పట్టా ఉందా లేదా అన్నదే తేడా. చాలామంది కళాకారులకు లేదు. జెఫ్రీ లూకు ఉంది. ఆ మాట చెప్పకుండా ఈ కథ చెప్పడం నిజాయితీ కాదు.

1970ల చివరికి ఆ చోటు గ్రీన్ స్ట్రీట్ వదిలి స్ప్రింగ్ స్ట్రీట్‌కు మారింది. కొత్తగా ‘వైట్ కాలమ్స్’ అని పేరు పెట్టారు. అక్కడ 1981 జూన్‌లో తొమ్మిది రోజులపాటు ‘నాయిస్ ఫెస్ట్’ అనే సంగీత ఉత్సవం జరిగింది. సోనిక్ యూత్ బృందం తొలిసారి వాయించింది అందులోనే అంటారు. తర్వాత మరికొన్ని చిరునామాలు మారి, ఇప్పుడు హొరేషియో స్ట్రీట్‌లో ఉంది. దానికి డైరెక్టర్ ఉన్నారు, బోర్డు ఉంది, ప్రదర్శనల పట్టిక ఉంది. ఏ గ్యాలరీతోనూ ఒప్పందం లేని కళాకారులు పనులు పంపుకునే పద్ధతీ ఉంది, చెట్టు నాటిన రోజుల్లో అలాంటిది లేదు. ఇది దిగజారడమని కొందరంటారు. అది తొందరపాటు తీర్పు. పరిచయాలు లేని ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాడికి ఆ చోటు తలుపు 1970లో కంటే ఇప్పుడే తట్టడానికి వీలుగా ఉంది. నేల తవ్వడానికి మాత్రం వీల్లేదు.

2011 జనవరిలో న్యూయార్క్‌లోని డేవిడ్ జ్విర్నర్ గ్యాలరీ 112 గ్రీన్ స్ట్రీట్ తొలి ఏళ్ల మీద ఒక ప్రదర్శన పెట్టింది. ప్రపంచంలోని పెద్ద ప్రైవేటు గ్యాలరీల్లో అదొకటి, మట్టా-క్లార్క్ వదిలివెళ్లిన పనుల వ్యవహారాలు చూసేదీ అదే. రెండేళ్ల తర్వాత న్యూయార్క్‌లో ఫ్రీజ్ అనే కళాకృతుల అమ్మకాల జాతరలో ‘ఫుడ్’ హోటల్‌ను కూడా మళ్లీ తెరిచి కొన్ని రోజులు వడ్డించారు. వచ్చినవాళ్లు క్యూలో నిలబడి తిన్నారు. గిన్నెలు కడగడానికి ఎవరూ వంతులు వేసుకోలేదు. గ్రీన్ స్ట్రీట్ మీద ఇప్పుడు పేరున్న బ్రాండ్ల షాపులున్నాయి. చెర్రీ చెట్టు ఫొటోల్లో ఉంది: నలుపు తెలుపుల్లో, గోతి అంచున మట్టి కుప్ప, పైన దీపాలు, వాటి వెలుగులో ఆకులు రాని కొమ్మలు.